వదిన గదిలో కప్ప

మా వదిన పనిచేసే గది ఒక కళ్ళజోళ్ళ దుకాణం పైన ఉండేది. మెట్లెక్కగానే చెవి డాక్టరుగారి క్లినిక్కు, దాని వెనక సన్నటి నడవ, ఆ నడవ చివర వదిన గది. తలుపు తోసి లోపల అడుగుపెడితే చెవుల్లో ఎవరో దూది పెట్టినట్టుండేది. వీధిలో హారన్లు వినపడకూడదని గోడలకి పాత తివాచీలు కొట్టించిందామె. ఒక పొట్టి బల్ల, మూడు చిన్న కుర్చీలు, పిల్లల ఎత్తుకి తగిలించిన అద్దం, ఒక గాజు సీసా నిండా ఈకలు. అదీ ఆమె సామాను.

మాట ఆలస్యమైన పిల్లలకీ, చెవికి మిషను పెట్టుకున్న పిల్లలకీ, 'రైలు'ని 'లైలు' చేసేసే పిల్లలకీ మాట దిద్దడం వదిన ఉద్యోగం. అరచేతిలో ఈక పెట్టుకుని పిల్ల నోటి దగ్గరికి తెచ్చి "ప" అనమనేది. ఈక ఎగిరితే 'ప'. కదలకపోతే ఆ పిల్ల 'మ' అన్నట్టు. రోజుకి పదిమంది పిల్లలు, ఒక్కొక్కరికి ముప్పై నలభై సార్లు. సాయంత్రం ఇంటికొచ్చాక కూడా ఆమె జుట్టులో ఎక్కడో ఒక ఈక ఉండేది. అన్నయ్య దాన్ని తీసి, "ఇవాళ ఏ కోడి?" అని అడిగేవాడు.

నాకప్పుడు ఇరవై రెండేళ్ళు. కంప్యూటర్ చదువు అయిపోయింది, ఉద్యోగం రాలేదు. పదో తరగతి నుంచీ నేను అన్నయ్య ఇంట్లోనే పెరిగాను. అన్నయ్య తపాలా ఆఫీసులో ఉత్తరాలు ఊళ్ళవారీగా వేరుచేసే విభాగంలో ఉండేవాడు. తిని కూర్చుంటున్నావని ఇంట్లో ఎవరూ ఒక్క మాట అనలేదు. ఎవరూ అనకపోవడమే నాకు గుచ్చుకునేది. పలకరిస్తే పొడిపొడిగా జవాబు చెప్పి గదిలోకి పోయేవాణ్ణి. వదిన కనిపెట్టింది.

"ఏరా, నీకు కంప్యూటర్లో బొమ్మలు కదిలించడం వచ్చు కదా?" అంది ఒకరోజు బట్టలు మడతపెడుతూ.

"వచ్చు."

"అరిస్తే కదిలే బొమ్మ చెయ్యగలవా?"

"ఎవరరిస్తే?"

"పిల్లలు. ఈకలు ఊది ఊది వాళ్ళకి విసుగెత్తిపోయింది. నాకైతే జలుబు పట్టుకుంది."

అలా మొదలైంది కప్ప.

ఆ రోజుల్లో బ్రౌజర్‌కి వినడం చేతకాదు. పేజీ తెచ్చి చూపించేది, అంతే. బొమ్మ గెంతాలన్నా, మైకులో గొంతు పట్టుకోవాలన్నా దానికి ఇంకో చిన్న ప్రోగ్రాం తగిలించాలి. దాన్నే ప్లగ్-ఇన్ అనేవాళ్ళం. లోకంలో సగం ఆటలు ఒకే ఒక్క ప్లగ్-ఇన్ మీద ఆడేవి. నా కప్ప కూడా దాని మీదే గెంతింది. ఒక చెరువు, ఏడు రాళ్ళు, ఇవతలి గట్టున కప్ప. పిల్ల మైకులో శబ్దం చేస్తే కప్ప ఒక రాయి దూకుతుంది. గట్టిగా అంటే పెద్ద దూకు, మెల్లగా అంటే చిన్న దూకు. అయితే శబ్దం ఎంత పెద్దదో మాత్రమే దానికి తెలుసు, సరైనదో కాదో తెలియదు. ఆ సంగతి వదిన చెవికే తెలుసు. అందుకని కీబోర్డు బల్ల కింద ఆమె ఒళ్ళో పెట్టాను. పిల్ల 'క' అని సరిగ్గా అంటేనే ఆమె చప్పుడు కాకుండా ఒక మీట నొక్కేది, అప్పుడే కప్ప గెంతేది. తప్పు పలికితే ఇంకో మీట, కప్ప నీళ్ళలో పడేది. కప్పకి చెవులున్నాయనే పిల్లలు నమ్మారు.

మొదటి కప్పని చూసి వదిన చాలాసేపు తల వంకరగా పెట్టి ఆలోచించింది.

"దీని మొహం ఎక్కడో చూసినట్టుంది."

"కప్ప మొహమే వదినా."

"కాదు. మీ అన్నయ్య నిద్ర లేచినప్పుడు ఇలాగే ఉంటారు."

అన్నయ్య కోపం తెచ్చుకోలేదు సరికదా, అయితే గొంతు కూడా నాదే పెట్టండన్నాడు. నోట్లో నీళ్ళు పోసుకుని స్నానాలగదిలో నిలబడి బెకబెకమన్నాడు. నేను తలుపు బయట మైకు పట్టుకుని కూర్చున్నాను. నాలుగోసారి నవ్వొచ్చి నీళ్ళు మింగేశాడు. పొలమారిన ఆ దగ్గు కూడా రికార్డయింది. దాన్ని తీసెయ్యకుండా, కప్ప నీళ్ళలో పడ్డప్పుడు వచ్చే చప్పుడుగా వాడుకున్నాను. తరవాత ఏళ్ళ తరబడి పిల్లలు ఆ దగ్గు వినడం కోసమే కావాలని తప్పు చెప్పేవాళ్ళని వదిన ఫిర్యాదు.

ఆ ఆట మొదట ఆడింది రెండు జడల పిల్ల. నాలుగేళ్ళు. రెండు చెవులకీ మిషన్లు కొత్తగా పెట్టారు. ఆరు వారాలుగా వస్తోంది, నోట్లోంచి ఒక్క శబ్దం రాలేదు. ఈకల్ని ఊదేది కాదు, ఏరి గౌను జేబులో పెట్టుకునేది. ఆ రోజు కప్పని చూసి బల్ల మీద చేత్తో ఒక్కటిచ్చింది. కప్ప దూకింది, నేను మీట ఇంకా అమర్చలేదు మరి. పిల్ల మళ్ళీ బల్ల బాదింది. వదిన ఆ పిల్ల రెండు చేతులనీ తన చేతుల్లోకి తీసుకుంది. కప్ప ఆగిపోయింది. పిల్ల కప్పని చూసింది, వదినని చూసింది. కప్పకి కోపం వచ్చిందనుకుందో ఏమో, ముందుకి వంగి, "ఆ" అంది. చాలా చిన్నగా, గొంతులో గరగరగా. కప్ప దూకింది.

ఆ పిల్ల లేచి వెళ్ళి కంప్యూటర్ వెనక వెతికింది. గోడవారగా కూర్చున్న వాళ్ళమ్మ నోటికి చున్నీ అడ్డం పెట్టుకుంది. నేను తివాచీ గోడ వైపు తిరిగి దాని మీద పూలు లెక్కపెట్టాను. ఆ సాయంత్రం వదిన అన్నయ్యతో, "మీ తమ్ముడికి పనొచ్చు" అంది, అంతే. తరవాత చాలా మంది నన్ను మెచ్చుకున్నారు, సర్టిఫికెట్లు కూడా ఇచ్చారు. ఏ ఒక్కటీ ఆ మూడు మాటలంత ఎత్తున కూర్చోలేదు.

మరో ఏడాదికి నాకు ఒక కాలేజీలో కంప్యూటర్లు చూసుకునే ఉద్యోగం వచ్చింది. నూట ఇరవై యంత్రాలు. నా పని సగం వైద్యం, సగం పోలీసుతనం. నెలకోసారి ఒక్కొక్క కంప్యూటర్ ముందూ కూర్చుని బ్రౌజర్, దానికి తగిలించిన ప్లగ్-ఇన్‌లు అన్నీ కొత్తవేనా అని చూసేవాణ్ణి. నేను నడవలో కనపడగానే పిల్లలు "అప్‌డేట్ సార్ వస్తున్నాడు, పని దాచుకోండ్రా" అనుకునేవాళ్ళు. వాళ్ళకి చెప్పేవాణ్ణి. ఏ ప్లగ్-ఇన్‌లోనైనా ఎప్పుడో ఒకప్పుడు ఒక లోపం బయటపడుతుంది. తయారుచేసినవాళ్ళు దాన్ని బాగుచేసి కొత్తది వదులుతారు. వదిలారంటే ఆ లోపం ఎక్కడుందో లోకానికంతా చాటినట్టే. కొత్తది వేసుకున్నవాడికి పరవాలేదు. 'రేపు చూద్దాంలే' అన్నవాడి కంప్యూటర్‌లోకి దొంగ నేరుగా నడిచి వస్తాడు. ఈ మాటలు చెప్పీ చెప్పీ నా నోటికి అలవాటైపోయాయి. వినేవాళ్ళకి ఆవలింతలు అలవాటయ్యాయి.

ఇటు వదిన గదిలో కప్ప గెంతుతూనే ఉంది. పదిహేనేళ్ళు. తివాచీలు వెలిశాయి, కుర్చీలు మారాయి, కంప్యూటర్ రెండుసార్లు మారింది, కప్ప మాత్రం అదే. ఆ కంప్యూటర్‌లోనే పిల్లల రిపోర్టులు, తల్లిదండ్రుల చిరునామాలు, వదిన మెయిలు. ఆమెకి ఒక అలవాటుండేది. ప్రతి పిల్లనీ మొదటిరోజు ఒకసారి, ఆఖరిరోజు ఒకసారి మాట్లాడించి రికార్డు చేసేది. మొదట్లో 'ల, ల, లైలు'. చివర్లో గడగడా ఒక కథ. అప్పుడప్పుడు మధ్యాహ్నం భోజనం చేస్తూ అవి పెట్టుకుని వినేది. నేను వెళ్ళినప్పుడు నన్నూ కూర్చోబెట్టేది. "ఇది విను. వీడు తొమ్మిది నెలలు 'స' అనలేదు. ఇప్పుడు విను. పాములా బుసకొడుతున్నాడు!" అని పళ్ళెం పక్కకి నెట్టి చప్పట్లు కొట్టేది.

తరవాత ఆ ప్లగ్-ఇన్‌ని ఇక ఆపేస్తున్నామని తయారుచేసినవాళ్ళే ప్రకటించారు. దానిలో లోపాలు ఎక్కువైపోయాయి, బాగుచెయ్యడం ఇక కుదరదు, ఫలానా తేదీ తరవాత బ్రౌజర్లు దాన్ని పనిచెయ్యనివ్వవు, అందరూ తీసెయ్యండని. కాలేజీలో నూట ఇరవై కంప్యూటర్లలోంచీ రెండు రోజుల్లో దాన్ని పీకేశాను. మూడోరోజు వదిన దగ్గరికి వెళ్ళాను.

"కప్ప పోతుందా?" అంది.

"పోదు. ఇప్పుడు బ్రౌజర్‌కే మైకు వినడం వచ్చేసింది వదినా. ప్లగ్-ఇన్ అక్కర్లేకుండా కొత్తగా రాయాలి."

"ఎన్నాళ్ళు పడుతుంది?"

"వచ్చే నెల రాసేస్తాను."

అప్పుడు నేనొక పని చేశాను. అప్‌డేట్ అయితే కప్ప ఆగిపోతుంది కనక, ఆ కంప్యూటర్‌లో అప్‌డేట్లన్నీ ఆపేశాను. బ్రౌజర్ పైన పసుప్పచ్చ పట్టీ ఒకటి వచ్చి, మీది పాతది, మార్చుకోండని అడుగుతుంది. "అది వస్తే మూసెయ్ వదినా, నొక్కకు" అని చెప్పి వచ్చాను. కాలేజీలో ఎవరైనా ఆ పని చేసుంటే చెవి మెలిపెట్టి ఉండేవాణ్ణి.

నా 'వచ్చే నెల' మూడేళ్ళు నడిచింది. పెళ్ళయింది, పాప పుట్టింది, కాలేజీ రెండో భవనం కట్టింది. వదిన అడగలేదు. కప్ప ఆడుతోంది కదా.

ఒక మంగళవారం పొద్దున పది గంటలకి వదిన ఫోన్ చేసింది. గొంతు మామూలుగానే ఉంది గానీ వాక్యాలు పొట్టిగా వస్తున్నాయి.

"ఒకసారి రాగలవా? నేను పంపని ఉత్తరాలు అందరికీ వెళ్ళాయట."

వెళ్ళేసరికి క్లినిక్కులో ఫోన్ మోగుతూనే ఉంది. ఆమె మెయిల్ నుంచి నూట నలభై కుటుంబాలకి ఒకే ఉత్తరం పోయింది. 'మీ పాప రిపోర్టు సిద్ధంగా ఉంది, ఇక్కడ నొక్కి చూసుకోండి.' కింద వదిన సంతకం. వదిన మాట అంటే ఆ ఇళ్ళల్లో మారుమాటుండదు. కొంతమంది నొక్కారు.

నేను ముందు నెట్ తీగ పీకేశాను. తరవాత లోపల చూశాను. పిల్లల గొంతులున్న ఫోల్డర్లో ఫైళ్ళ పేర్లన్నీ అర్థంలేని అక్షరాలయిపోయాయి. ఏదీ తెరుచుకోవడం లేదు. విప్పాలంటే మమ్మల్ని సంప్రదించండని ఇంగ్లీషులో ఒక నోటు. కాపీలు పెట్టిన డిస్కు కూడా ఆ కంప్యూటర్‌కే ఎప్పుడూ తగిలించి ఉండేది కనక దానిదీ అదే గతి.

జాడ వెతకడానికి నాకు పూట పట్టలేదు. ముందురోజు వదిన పిల్లల కోసం రంగులు వేసే బొమ్మలు వెతికింది. ఒక వెబ్‌సైటు తెరిచింది. దానిలో ఒక మూల ప్రకటన ఉంది. ఆ ప్రకటన మన ప్లగ్-ఇన్ ఎంత పాతదో చూసుకుంది, లోపలికి వచ్చేసింది. ఆమె ఏదీ నొక్కలేదు. పేజీ తెరవడమే చాలు.

నేనది వెంటనే చెప్పలేదు. ఈ మాట రాయడానికి ఇప్పటికీ సిగ్గుగానే ఉంది. "వైరస్ వదినా, చూస్తున్నాను" అని మాత్రం అన్నాను. మూడు రోజులు కాలేజీకి సెలవు పెట్టి ఆ గదిలోనే కూర్చున్నాను. ఆమె డైరీ ఒళ్ళో పెట్టుకుని, పొట్టి కుర్చీలో మోకాళ్ళు దగ్గరికి ముడుచుకుని ఒక్కొక్క ఇంటికీ ఫోన్ చేస్తోంది. ఇంటి దగ్గర అన్నయ్య ఒక్కడే తేలిగ్గా తీసుకున్నట్టు నటించాడు.

"ఒరేయ్, నా గొంతు కూడా పట్టుకుపోయారా?"

"లేదన్నయ్యా. నీ బెకబెకలు వాళ్ళకి అక్కర్లేదట."

నవ్వుతాడనుకున్నాను. "మీ వదిన రెండ్రోజుల్నుంచీ సరిగ్గా తినడం లేదు" అన్నాడు.

గురువారం మధ్యాహ్నం ఆమె ఎవరితోనో అంటోంది. "నా పొరపాటేనండీ. ఏదో నొక్కకూడనిది నొక్కి ఉంటాను. వయసు మీదపడుతోంది కదా, ఇవన్నీ నాకు సరిగ్గా తెలీవు..."

వదినకి యాభై నాలుగు. ఏ పిల్ల నాలుక ఎక్కడ తగులుతోందో నడవలోంచి విని చెప్పేస్తుంది. తనకి తెలియదన్న మాట ఆమె నోటి వెంట నేనెన్నడూ వినలేదు.

"వదినా, ఆ ఫోన్ పెట్టెయ్" అన్నాను.

పెట్టేసింది. అంతా చెప్పాను. ప్లగ్-ఇన్ సంగతి, అప్‌డేట్లు ఆపింది ఎవరో, ఎందుకో. ఆమె చేతిలో పెన్ను మూత తీస్తూ పెడుతూ వింది.

"ఆ పసుప్పచ్చ పట్టీ రోజూ వచ్చేది" అంది చివరికి. "నువ్వు మూసెయ్యమన్నావని మూసేసేదాన్ని."

"అవును."

"ప్రమాదమని నీకు తెలుసా అప్పుడు?"

"తెలుసు."

"మీ కాలేజీలో ఎవరైనా ఇలా చేస్తే?"

"ఊరుకోను."

"మరిదిగారూ" అంది. నన్ను ఏడిపించాలనుకున్నప్పుడు అలా పిలుస్తుంది, వెనకాలే నవ్వుంటుంది. ఆ రోజు వెనకాల ఏమీ లేదు. "మీరు కప్పని కాపాడదామనుకున్నారా, మళ్ళీ రాసే పని తప్పించుకుందామనుకున్నారా?"

"రెండోదే ఎక్కువ" అన్నాను.

ఆమె లేచి అద్దం ముందు నిలబడింది. పిల్లల ఎత్తుకి పెట్టిన అద్దం కనక అందులో ఆమె మొహం కనపడదు, చీర కుచ్చెళ్ళే కనపడతాయి. తరవాత వచ్చి పేర్ల జాబితాని మధ్యకి చింపి సగం నా చేతిలో పెట్టింది.

"ఇవి నువ్వు చెయ్యి. నాకు చెప్పినట్టే వాళ్ళకీ చెప్పు. వైరస్ అని చెప్పకు."

చేశాను. అంతమందికి ఒకే తప్పు ఒప్పుకోవడం చిన్న పని కాదు. మొదటి నాలుగిళ్ళకీ కాగితం మీద రాసుకుని చదివాను. అప్‌డేట్లు ఆపింది నేను, దాని వల్ల ఇలా జరిగింది, క్షమించండి. ఆ ఉత్తరం తెరవకండి, తెరిచి ఉంటే నెట్ ఆపేసి నాకు చెప్పండి. మెయిల్ పాస్‌వర్డ్ మార్చుకోండి. బ్రౌజర్లో ఏమేం ప్లగ్-ఇన్‌లున్నాయో చూసి, వాడనివి తీసెయ్యండి, వాడేవి అప్‌డేట్ చేసుకోండి. ఒక తాతగారు శ్రద్ధగా అంతా విని, పావుగంటలో మళ్ళీ ఫోన్ చేశారు. "ఇంట్లో ప్లగ్గులన్నీ పీకేశాను నాయనా, ఫ్రిజ్జు కూడా ఆగిపోయింది. ఇప్పుడేం చెయ్యమంటావు?" ఆ వారంలో వదిన మొదటిసారి నవ్వింది అప్పుడే, చేత్తో నోరు మూసుకుని.

అందరూ తాతగారిలా లేరు. ఒక తండ్రి ఆ ఉత్తరాన్ని ఆఫీసులో తెరిచాడు. వాళ్ళ విభాగం రెండు రోజులు మూతపడింది. నన్ను చెడామడా తిట్టాడు, విన్నాను. తిట్లు అయిపోయాక మెల్లగా, "మా పాప గొంతు ఇప్పుడు ఎవరి దగ్గరుందండీ?" అన్నాడు. "తెలీదండీ" అన్నాను. అవతల ఫోన్ పెట్టేసిన చప్పుడు కూడా మెల్లగానే అయింది. అంతకన్నా గట్టి తిట్టు నేను తినలేదు.

నా సగంలో చివరి పేజీలో రెండు జడల పిల్ల ఇంటి నంబరుంది. వాళ్ళమ్మ తీస్తుందనుకున్నాను. ఒక అమ్మాయి తీసింది.

"అమ్మ బజారుకెళ్ళిందండీ. నాతో చెప్పండి."

ఎవరో చెల్లెలనుకుని కాగితం చదవడం మొదలుపెట్టాను. సగంలో నన్ను ఆపేసింది.

"మీరా? కప్ప అంకులా?"

"నువ్వు..."

"నేనేనండీ. మీ కంప్యూటర్ వెనక వెతికింది నేనే."

ప్రతి అక్షరం దేని చోట అది ఉంది. నర్సింగ్ మూడో ఏడు చదువుతోందట. వార్డులో పెద్దవాళ్ళకి మందులు ఎప్పుడెప్పుడు వేసుకోవాలో తనే విడమర్చి చెబుతుందట. నేను చెప్పాల్సిన పాస్‌వర్డుల సంగతి మరిచిపోయి వింటూ కూర్చున్నాను. తనే గుర్తుచేసింది, "ఇంకేదో చెబుతున్నారు?" అని. గొంతులు పోయాయని చెప్పాను. "నాది మా ఇంట్లో ఉందండీ. మేడమ్ సీడీ చేసి ఇచ్చారుగా" అంది.

వదినని అడిగితే, మొదటి కొన్నేళ్ళు చాలామందికి ఇచ్చానంది. ఆ పక్క నుంచి ఆమె, ఈ పక్క నుంచి నేను మళ్ళీ ఫోన్లు మొదలుపెట్టాం. ఈసారి చెయ్యడానికి మొహం చెల్లింది. నెల తిరిగేసరికి కళ్ళజోళ్ళ దుకాణంవాడి బల్ల మీద గీతలు పడ్డవీ, దుమ్ము పట్టినవీ అరవై రెండు సీడీలు చేరాయి. తాతగారు తనే మెట్లెక్కి వచ్చి ఇచ్చి వెళ్ళారు. మిగతా పిల్లల గొంతులు దొరకలేదు. ఇప్పటికీ దొరకలేదు.

ఆ కంప్యూటర్‌ని పూర్తిగా తుడిచి మళ్ళీ మొదట్నుంచీ కట్టాలి. దానికి ముందురోజు సాయంత్రం అన్నయ్య తపాలా ఆఫీసు నుంచి నేరుగా క్లినిక్కుకొచ్చాడు. నెట్ తీగ పీకే ఉంది. దొంగలు గొంతులకి తాళం వేశారు గానీ కప్ప జోలికి పోలేదు. వదిన మైకు బల్ల మీద పెట్టింది. మేం ముగ్గురం ఆ పొట్టి కుర్చీల్లో మోకాళ్ళు గడ్డానికి తగిలేలా కూర్చున్నాం.

"ముందు మీరు" అంది అన్నయ్యతో.

అన్నయ్య గొంతు సవరించుకున్నాడు. ఆ సవరింపుకే వదిన మీట నొక్కింది, కప్ప రెండు రాళ్ళు దూకేసింది. తరవాత నేను. తరవాత వదిన, 'క' నుంచి మొదలుపెట్టి వరసగా. కప్ప నీళ్ళలో పడింది. ఇరవై ఏళ్ళ కిందటి అన్నయ్య దగ్గాడు. పక్కనే ఇప్పటి అన్నయ్య నవ్వలేక దగ్గాడు. డాక్టరుగారు తలుపు తీసి చూసి ఏమీ అడక్కుండా మూసేశారు. ఎంతసేపు ఆడామో తెలియదు. కింద దుకాణం షట్టరు దించిన చప్పుడు తివాచీల్లోంచి కూడా వినిపించింది.

"నెట్ లేకుండా ఈ కప్పని ఒక పాత కంప్యూటర్‌లో ఉంచెయ్యొచ్చు వదినా. ప్రమాదం లేదు. ఎప్పుడైనా చూసుకోవచ్చు" అన్నాను.

ఆమె ఆలోచించింది. నిజంగానే ఆలోచించింది, కప్ప వైపు చూస్తూ.

"వద్దు. పిల్లలకి రేపు పొద్దున పనికొచ్చేది కావాలి. చూసుకుని మురవడానికి కాదు" అంది. అని, చెయ్యి చాచి తెర ఆపేసింది.

మర్నాడు అంతా తుడిచేశాను. ఆ వారమే కొత్త కప్ప రాయడానికి కూర్చున్నాను. ఇరవై రెండేళ్ళప్పుడు ఒక ఎండాకాలమంతా పట్టిన పని, ఇప్పుడు తొమ్మిది మధ్యాహ్నాల్లో అయింది. ప్లగ్-ఇన్ లేదు. బ్రౌజర్ తనే మైకు అడుగుతుంది, తనే వింటుంది. రిపోర్టులు వేరే కంప్యూటర్‌లోకి మార్చాం. కాపీల డిస్కు కాపీ కాగానే ఊడదీసి బీరువాలో పెడుతుంది వదిన. అప్‌డేట్లు కూడా తనే చూసుకుంటుంది. నేను వెళ్ళి చెయ్యబోతే, "అక్కర్లేదు, పొద్దున్నే అయిపోయింది. నీ ఇంట్లోవి చూసుకున్నావా?" అంటుంది. ఆ ప్రశ్న వేళాకోళంగా అడుగుతుందో, నిజంగా అడుగుతుందో నాకింకా తేలలేదు. వెళ్ళే ముందు అందుకే ఇంట్లోవన్నీ ఒకసారి చూసుకుని వెళ్తాను.

వదినకీ నాకూ మధ్య ఇంకా ఏదైనా మిగిలిందా అని మా ఆవిడ ఒకసారి అడిగింది. మిగిలింది. ఇదివరకు నేను కంప్యూటర్ గురించి ఏం చెబితే అది వేదమన్నట్టు తలూపేది వదిన. ఇప్పుడు "ఎందుకు?" అని అడుగుతుంది. అర్థమయ్యేదాకా అడుగుతుంది. మొదట్లో కష్టంగా ఉండేది. తరవాత కాలేజీలో పిల్లలకి కూడా అలాగే చెప్పడం మొదలుపెట్టాను, వాళ్ళు 'ఎందుకు' అనే దాకా ఆగి. ఆవలింతలు తగ్గాయి.

కొత్త కప్ప సిద్ధమైన రోజు నేను గోడవారగా, తల్లులు కూర్చునే చోట కూర్చున్నాను. అయిదేళ్ళ పిల్ల వచ్చింది. కురచ జుట్టు, ఒక మోకాలికి ప్లాస్టరు. 'క' పలకదు, 'త' అంటుంది. వదిన తెర మీద కప్పని చూపించి, "ఇదేంటో చెప్పు?" అంది.

పిల్ల దాన్ని పైనుంచి కిందికి పరీక్షగా చూసింది.

"తప్ప."

"దీన్ని గెంతిద్దామా?"

"వద్దు. తప్ప వద్దు. తారు తావాలి."

వదిన నా వైపు తిరిగింది. కళ్ళజోడు ముక్కు మీదకి దించి చూసింది. "విన్నారా, మరిదిగారూ? కారు కావాలట."

నేను లేచి వెళ్ళి ఆ పిల్ల పక్కన పొట్టి కుర్చీలో ఇరుక్కుని కూర్చున్నాను. జేబులోంచి కాగితం తీసి ఒక కారు గీశాను. పిల్ల పెన్సిలు లాక్కుని దానికి ఇంకో చక్రం పెట్టింది, పైన.

"అక్కడెందుకు?" అన్నాను.

బోల్తా పడితే కూడా పరిగెత్తాలట. అదంతా తన భాషలో, నిమిషం పైగా, ఊపిరి తీసుకోకుండా చెప్పింది. వదిన ఒక్క అక్షరం కూడా దిద్దలేదు. చెయ్యి చెంపకి ఆనించుకుని వింది.